మీటరు ఎర్రదీపం లెక్కపెట్టాకే ఇంట్లోవాళ్ళను అనండి

కరెంటు లేనప్పుడు మా ఇంట్లో అందరూ పొదుపరులే. వచ్చిన మరుక్షణం తెలుస్తుంది ఎవరి సంగతేమిటో. 2022 ఏప్రిల్‌లో గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటికి రాత్రి 11 గంటలకు పోయిన కరెంటు ఒక్కోరోజు పన్నెండున్నరకు గానీ వచ్చేది కాదు. రాగానే మావాడు ఏసీ 18లో పెట్టేవాడు. మా ఆయన "మళ్ళీ పోతే నీళ్ళుండవు" అంటూ మోటారు వేసేవారు. ఇన్వర్టరు తన ఆకలి తను తీర్చుకుంటూ బుయ్యిమనేది. అత్తయ్య మాత్రం లేచి, వంటింట్లో ఎవరో మర్చిపోయిన బల్బు ఆర్పి వచ్చి, "ఈ ఇంట్లో కరెంటంటే లెక్కలేదమ్మాయ్" అని పడుకునేవారు.

ఆ ఎండాకాలం చాలామందికి గుర్తుండే ఉంటుంది. 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశంలో అంత వేడి మార్చి లేదని వాతావరణ శాఖ చెప్పింది. థర్మల్ కేంద్రాల్లో బొగ్గు నిల్వలు అడుగంటాయి. రాష్ట్రాలు కరెంటు కొనుక్కునే ఎక్స్ఛేంజిలో యూనిట్ 20 రూపాయల దాకా పోతే, 12కు మించకూడదని కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి ఏప్రిల్ మొదట్లో కట్టడి చేసింది. ఏప్రిల్ 8 నుంచి మన రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడే. మా ఆయన మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్లో గుమస్తా. సాయంత్రం ఇంటికొచ్చి కోల్డ్ స్టోరేజీల వాళ్ళకు డీజిల్ ఎంత అవుతోందో కథలు కథలుగా చెప్పేవారు. ఆయన చెబుతుండగానే మా ట్యాంకు నిండి గోడ మీద నుంచి నీళ్ళు కారుతుండేవి.

అదే ఏప్రిల్ 1 నుంచి కొత్త రేట్లు కూడా వచ్చాయి. ఆ నెల మా వాడకం 412 యూనిట్లు. బిల్లు చూసి ఇంట్లో నలుగురం నాలుగు మాటలు అన్నాం. "నేను పగలంతా ఇంట్లోనే ఉండను, కాల్చేది మీరే" అని ఆయన. "ఫ్యాక్టరీలు మూసినా తీరని కొరత మన ఏసీతో తీరుతుందా?" అని అబ్బాయి. లాంతరు వెలుగులో ముగ్గురు పిల్లల్ని పెంచానని అత్తయ్య. నేనేమన్నానో రాయను. ఆ గొడవ నుంచి బయటపడటానికి నేను చేసిన పద్ధతే ఇక్కడ చెబుతున్నాను. మీ ఇంట్లోనూ పని చేస్తుంది, ఖర్చు లేదు. కావలసింది ఒక పాత నోటుబుక్కు, సెల్‌ఫోన్, కాస్త ఓపిక.

మొదటి వారం ఎవరినీ ఏమీ అనొద్దు. ఇదే అన్నిటికంటే కష్టం. రోజూ పొద్దున ఒకే టైముకు మీటరు దగ్గరకు వెళ్ళి రీడింగ్ రాసుకోండి. తెర మీద అంకెలు ఒకదాని తర్వాత ఒకటి మారుతుంటాయి, వాటిలో కేడబ్ల్యూహెచ్ అని పక్కన ఉన్నదే యూనిట్ల లెక్క. నిన్నటి అంకె తీసేస్తే నిన్నటి వాడకం. ఎండ ఎలా ఉంది, ఎవరైనా వచ్చారా, కరెంటు ఎంతసేపు పోయింది, బట్టలు ఉతికారా, ఇవన్నీ పక్కన ఒక్క ముక్కలో రాయండి. వారం తిరిగేసరికి ఏ రోజు ఎందుకు పెరిగిందో మీకే కనబడుతుంది.

రెండోవారం ఎర్రదీపం. మీటరు ముఖాన చిన్న ఎర్రదీపం మిణుకు మిణుకుమంటూ ఉంటుంది. దాని దగ్గర 3200 అని, పక్కన ఐఎంపీ పర్ కేడబ్ల్యూహెచ్ అని ఉంటుంది. అంటే 3200 సార్లు మిణుకుమంటే ఒక యూనిట్ కాలినట్టు. నిమిషంలో ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టి 18.75తో హెచ్చవేస్తే ఆ క్షణాన ఇల్లు ఎన్ని వాట్లు తాగుతోందో వస్తుంది. మీ మీటరు మీద 1600 ఉంటే 37.5తో హెచ్చవేయండి. ఇంకేదైనా అంకె ఉంటే 60,000ని దానితో భాగించుకోండి. మీటరు పెట్టె తెరవడం, సీలు ముట్టుకోవడం వద్దు. బయట నుంచి చూస్తే చాలు.

ఇక అన్నీ ఆపేసి, ఫ్రిజ్ ప్లగ్గు కూడా పది నిమిషాలు తీసి ముందొకసారి లెక్కపెట్టండి. తర్వాత ప్లగ్గుల్లో మిగిలినవన్నీ కూడా తీసేసి, ఒక్కొక్కటే వేస్తూ లెక్కపెట్టండి. ఇక్కడే అసలు కిటుకు ఉంది: ఎవరి వస్తువును వాళ్ళే లెక్కపెట్టాలి. మీరు లెక్కపెట్టి చెబితే అది దెప్పినట్టు ఉంటుంది. వాళ్ళే లెక్కపెడితే అది వాళ్ళ సొంత లెక్క. నేను ఆదివారం పొద్దున 9 గంటలకు టిఫిన్ అయ్యాక అందరినీ వరండాలోకి పిలిచాను. దోసెలు వేశాను కాబట్టి వచ్చారు.

హాల్లో పాత ఫ్యాను: నిమిషానికి 4. అంటే 75 వాట్లు. ఇస్త్రీ పెట్టె 40. మోటారు 56, అంటే వెయ్యి వాట్లు దాటింది. ఏసీ వంతు వచ్చేసరికి మావాడు లెక్కపెట్టలేక చేతులెత్తేశాడు, అంత వేగంగా కొట్టుకుంటోంది. ఫోన్‌లో వీడియో తీసి, స్లో చేసి చూస్తే 80. అంటే 1500 వాట్లు. వాడు ఆ మాట గట్టిగా చెప్పలేదు గానీ నోటుబుక్కులో తనే రాశాడు.

చివరికి అత్తయ్య వంటింటి బల్బు. 9 వాట్ల ఎల్ఈడీ. అందరం కళ్ళార్పకుండా చూస్తూ నిలబడ్డాం. నిమిషం గడిచింది, ఏమీ లేదు. రెండో నిమిషం చివర్లో ఒక్కసారి మిణుకుమంది. మావాడు నవ్వాడు. అత్తయ్య ముఖం చిన్నబోయింది. "అయితే ఇన్నేళ్ళూ నేను లేచి లేచి ఆర్పిందంతా ఇంతేనా?" అన్నారు.

ఈ తప్పు మీరు చేయకండి. ఎవరి అలవాటు వెనక ఏ కాలం ఉందో ముందు తెలుసుకోండి. ఆవిడకు ఆ అలవాటు అబ్బిన రోజుల్లో బల్బంటే 60 వాట్లు. ఒక్కటి రాత్రంతా వెలిగితే అర యూనిట్ పైనే. అప్పట్లో ఆర్పడమే పెద్ద పొదుపు. 2014-15లో మా గుంటూరు జిల్లాలో పాత బల్బులు రెండు ఇస్తే ఒక్కోటి 10 రూపాయలకు 7 వాట్ల ఎల్ఈడీలు రెండు ఇచ్చారు. మా ఇంటి తరఫున వరసలో నిలబడి తెచ్చింది అత్తయ్యే. అంటే ఈ ఇంట్లో లైట్ల పొదుపు అంతా అప్పుడే ఆవిడ చేసేశారు, మాకు మిగల్లేదు. ఈ మాటే ఆవిడకు చెప్పాను. ఇప్పుడు ఇల్లంతా ఎనిమిది లైట్లు వెలిగినా ఒక్క పాత ఫ్యాను తినేంత. ఆవిడ మళ్ళీ కాఫీ పెట్టమన్నారు, సర్దుకున్నారని అర్థమైంది.

చాలా ఇళ్ళలో జరిగేది ఇదే. కంటికి కనబడేది వెలుగు, కాబట్టి గొడవ వెలుగు మీదే. బీరువా పక్కన వేడెక్కుతూ కూర్చున్న స్టెబిలైజర్ గురించి ఎవరూ పోట్లాడరు. ఆ ఆదివారం మాకు అన్నిటికంటే విచిత్రం అనిపించింది మొదట్లో, మిగతా ప్లగ్గులు తీయకముందు, అన్నీ ఆపేసినప్పటి లెక్క. నిమిషానికి 3 సార్లు మిణుకుమంది. అంటే ఏమీ వాడకుండానే 56 వాట్లు. సెట్‌టాప్ బాక్సు, వైఫై పెట్టె, స్టెబిలైజర్, ఎప్పుడూ ప్లగ్గులోనే ఉండే ఇన్వర్టరు, ఛార్జర్లు. నెలకు వేసుకుంటే 40 యూనిట్లు. సెట్‌టాప్ బాక్సు రిమోట్‌తో ఆపితే ఆగినట్టు కాదు, గోడ స్విచ్ దగ్గర ఆపాలి. ఏసీ స్టెబిలైజర్ కూడా పగలంతా గోడ దగ్గర ఆపేయొచ్చు. వైఫై ఆపమంటే ఇంట్లో యుద్ధమే, నేను ఆ జోలికి పోలేదు. ఇన్వర్టరు సంగతి వేరే, కిందకి వస్తాను.

ఇప్పుడు డబ్బు లెక్క. మన దగ్గర స్లాబులు మెట్లలాంటివి. 2022 ఏప్రిల్ నుంచి మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆ పైన 9.75. మా ఆయన 412 యూనిట్ల బిల్లును 412తో భాగించి "యూనిట్ ఆరున్నరే కదా" అన్నారు. అది తప్పు లెక్క. మీరు తగ్గించేది పై మెట్టు నుంచి. కాబట్టి మేము ఆపే ప్రతి యూనిట్ విలువ తొమ్మిదికి దగ్గర. అదే నెలకు 100 యూనిట్లు వాడే ఇంట్లో ఆ యూనిట్ నాలుగున్నర. అందుకే మా ఎదురింటి కుట్టుమిషన్ ఆమెకు నేను సలహాలు చెప్పను, ఆవిడ దగ్గరే నేను నేర్చుకోవాలి. మీ బిల్లులో మీరు ఏ మెట్టు మీద ఉన్నారో చూసుకోండి. రేట్లు మారుతుంటాయి, తెలంగాణలో పద్ధతి కూడా వేరు, కాబట్టి ఈ అంకెలు కాదు, పద్ధతి పట్టుకోండి.

ఏసీ. 18 పెడితే గది త్వరగా చల్లబడుతుందనుకోవడం వట్టి భ్రమ. మాది కంప్రెసర్ వేగం మార్చుకునే ఇన్వర్టర్ రకం ఏసీ కాదు, పాతది. 18 పెట్టినా 26 పెట్టినా అది అదే బలంతో తిరుగుతుంది. 26 దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటుంది, 18కి గుంటూరు ఏప్రిల్‌లో అసలు చేరదు కాబట్టి ఆగదు. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం మిగులుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతుంది. ఆ శాతాలు మావాడి చెవికెక్కలేదు. అందుకని పందెం పెట్టాను. ఒక రాత్రి వాడి ఇష్టం, 18. మర్నాడు రాత్రి నా ఇష్టం, 26, పైన ఫ్యాను 2లో. పడుకునే ముందు, లేచాక రీడింగ్ వాడే రాయాలి. ఇల్లంతా కలిపి మొదటి రాత్రి 9.1 యూనిట్లు, రెండో రాత్రి 6.2. వాడు నిద్రపోయాడా లేదా అంటే, తెల్లారి ఏడున్నరకు లేపాల్సి వచ్చింది. అప్పటి నుంచి 25. ఒక డిగ్రీ వాడికి వదిలాను. పూర్తిగా గెలవాలని చూడకండి, రిమోట్ దాచేస్తారు.

ఏసీ ఫిల్టరు రెండు వారాలకోసారి కుళాయి కింద కడగండి. గది తలుపు కింద సందుకు పాత చీర చుట్టి అడ్డం పెట్టండి. అంతే.

ఫ్యాన్లు. ఇక్కడ మా ఆయన ఎలా మారారో చెప్పాలి. కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల లోపే తీసుకుంటుంది, పాతది 75. హాల్లో ఫ్యాను రోజుకు 18 గంటలు తిరుగుతుంది. నెలకు పాతదైతే 40 యూనిట్లు, కొత్తదైతే 16. ఈ లెక్క మూడుసార్లు చెప్పాను. "మూడు వేలు పెట్టి ఫ్యానా? ఉన్నది తిరుగుతోందిగా" అన్నారు మూడుసార్లూ. ఇక మానేశాను. ఆ వారంలో ఒక రాత్రి కోత పొడుగైంది. మా ఇన్వర్టరు బ్యాటరీ పాతది, మూడు ఫ్యాన్లతో రెండున్నర గంటలకే కీచుమని ఆగిపోయింది. తెల్లవారుజామున 3 గంటలకు చెమటలో కూర్చుని విసనకర్ర ఊపుకుంటున్న మనిషితో, "కొత్త ఫ్యాన్లయితే ఈ బ్యాటరీ మీదే రెట్టింపుసేపు తిరుగుతాయటండీ" అన్నాను. ఇంకో మాట అనలేదు. ఆ శనివారం రెండు ఫ్యాన్లు ఇంటికి వచ్చాయి.

బిల్లు నెలకోసారి బాధపెడుతుంది, చెమట ప్రతి రాత్రీ పెడుతుంది. ఎవరికి ఏ బాధ ఉందో దాన్నిబట్టి చెప్పండి. అన్ని ఫ్యాన్లూ ఒకేసారి మార్చక్కర్లేదు, ఎక్కువ గంటలు తిరిగేవి మారిస్తే చాలు. మా పూజగదిలో ఇప్పటికీ పాతదే. పెద్ద డబ్బాలాంటి పాత రెగ్యులేటర్లు ఉంటే అవి మాత్రం తీసేయించండి. స్పీడు తగ్గించినా అవి మిగిలిన కరెంటును వేడిగా మార్చి పారేస్తాయి. చెయ్యి పెట్టి చూడండి, తెలుస్తుంది.

ఇన్వర్టరు గురించి చెబుతానన్నాను. అది మనకిచ్చే కరెంటు ఊరికే రాదు. బ్యాటరీలోకి ఎక్కించేటప్పుడు కొంత, తీసేటప్పుడు కొంత పోతుంది. అంటే కోతలో వాడిన ఒక్కో యూనిట్‌కు మీటరు మీద ఒకటి కంటే ఎక్కువే పడుతుంది. కాబట్టి కోత సమయంలో టీవీ, మిక్సీ దాని మీద వేయడం దండగ. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ గుర్తు దాకా ఉందో లేదో నెలకోసారి చూడండి. కరెంటు రాగానే అన్నీ ఒక్కసారి వేయకండి. అయిదు నిమిషాలు ఆగి ఏసీ వేయండి, వోల్టేజీ కుదురుకుంటుంది, కంప్రెసర్‌కూ మంచిది.

మోటారు కాపలా అత్తయ్యకు ఇచ్చాం. ఊరికే పని అప్పగించాలని కాదు, వరండాలో కూర్చునేది ఆవిడే, ట్యాంకు నిండగానే పైపులో మారే చప్పుడు గుర్తుపట్టేదీ ఆవిడే. 56 మిణుకుల వస్తువు తన చేతిలో ఉందని ఆవిడకు తెలుసు. మా ఆయన ఫోన్ మాట్లాడుతూ మర్చిపోతే లోపలి నుంచి కేక వినబడుతుంది. మోటారు, ఇస్త్రీ, వాషింగ్ మిషన్ వీలైనంత వరకు మధ్యాహ్నం పూటకు మార్చాం. మా మీటరుకు పగలొక రేటు, రాత్రొక రేటు లేదు, కాబట్టి దీనివల్ల మాకు పైసా మిగల్లేదు. కానీ సాయంత్రం ఎండ తగ్గాక సోలార్ కరెంటు పడిపోతుంది, అప్పుడే అందరూ ఇంటికొచ్చి అన్నీ వేస్తారు. కొరత ఉన్నరోజుల్లో గండం అక్కడే. ఇందులో లాభం లేదని మావాడు తేల్చి చెప్పాడు. నిజమే, లేదు. అయినా మధ్యాహ్నమే వేస్తున్నాను.

ఫ్రిజ్ తలుపు సందులో పది రూపాయల నోటు పెట్టి మూయండి, లాగితే జారిపోతే రబ్బరు మార్చాల్సిందే. వెనక గోడకు జానెడు ఎడం ఉంచండి. మా ఇంట్లో ఎండాకాలం ఫ్రిజ్ తెరిచేది మంచినీళ్ళ కోసమే, రోజుకు ముప్పైసార్లు. 120 రూపాయలకు కుళాయి పెట్టిన కుండ తెచ్చి, ఇసుకలో కూర్చోబెట్టాను. కోత పడినప్పుడు ఫ్రిజ్ తెరవకుండా ఉంటే నాలుగు గంటల పాటు చలువ నిలుస్తుంది. దీని గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు.

మాది డాబా ఇల్లు, పైన ఇంకో అంతస్తు లేదు. రాత్రి పదింటికి కూడా స్లాబు కుంపటిలా ఉండేది. ఏప్రిల్ చివర్లో సున్నంలో జిగురు కలిపి డాబా మీద రెండు పూతలు వేయించాం, కూలితో కలిపి మూడు వేల లోపే అయింది. ఏసీ వేసే టైము గంట వెనక్కి జరిగింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ అని తెచ్చింది చూడండి, దాని వెనక ఉన్నది ఈ తెల్లసున్నం లెక్కే. తొలకరి లోపు వేయిస్తేనే ఉపయోగం. వానలకు కొట్టుకుపోతే మళ్ళీ మార్చిలో వేయించాలి.

ఒక్కటి మాత్రం లెక్కలోకి తేవద్దని ముందే అనుకున్నాను. అత్తయ్యకు మోకాళ్ళ నొప్పులు, మే నెలలో కూడా వేడినీళ్ళే. 15 లీటర్ల గీజరు ఒకసారి కాగితే అర యూనిట్. మావాడు గీజరును కూడా లెక్కపెడదామన్నాడు. వద్దన్నాను. ముసలివాళ్ళ స్నానం, చంటిపిల్లల ఫ్యాను, మందులుండే ఫ్రిజ్, వీటి దగ్గర మీటరు చూడకూడదు. పెద్దవాళ్ళు ఒకసారి సిగ్గుపడితే చన్నీళ్ళు పోసుకుని మనకు చెప్పరు.

మే నెల వాడకం 318 వచ్చింది. ఏప్రిల్ కంటే 94 తక్కువ. ఎనర్జీ ఛార్జీలే చూస్తే 2,665 నుంచి 1,831కి దిగింది, మిగతా ఛార్జీలు వేరే. మేలో కోతలు తగ్గాయి, అంటే కరెంటు ఎక్కువ గంటలు ఉంది, అయినా తగ్గింది. కానీ నిజం చెప్పాలి కదా, మే రెండోవారంలో అసాని తుఫాను వచ్చి మూడు రోజులు ఏసీ అవసరమే రాలేదు. అందులో కొంత పుణ్యం తుఫానుది.

ఇప్పటికీ మాకు చేతకానిది ఒకటుంది: చుట్టాలు. మా ఆడపడుచు హైదరాబాద్ నుంచి వస్తే మా ఆయన ఏసీ 20కి దించుతారు, అన్ని గదుల్లో లైట్లు, గేటు దగ్గర కూడా. పొదుపు చేస్తున్నామని తెలిస్తే లేనివాళ్ళమనుకుంటారట. నేను నోరెత్తను. నోటుబుక్కులో మాత్రం "ఆడపడుచు, 4 రోజులు, 61 యూనిట్లు" అని రాశాను. అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని చదివి, "దాని పేరెందుకమ్మాయ్, చుట్టాలు అని రాయి" అన్నారు.